మద్రాసీ గోందలీ

కనకం కోసం సంచిలో నాలుగు చీరలు పెట్టాను. ఐదోది చేతిలోకి తీసుకుని, మళ్ళీ బీరువాలో పెట్టేశాను. నాలుగు రోజులకు నాలుగు చాలు. ఎక్కువ పెడితే మనిషికి ఎక్కువ రోజులు ఉండిపోవాలనిపిస్తుంది.

అది మా ఆయన రిటైరైన రోజు రైలింజన్ల షెడ్డులో వాళ్ళిచ్చిన సంచి. ఒకవైపు జిప్పు ఊడింది గానీ గుడ్డ ఇంకా గట్టిదే. చీరల మీద రెండు తువ్వాళ్ళు, మోకాళ్ళకు రాసుకునే తైలం, షుగరు మాత్రలు, సీసాలో ఆవకాయ పెట్టాను. కనకం తన రాగి చెంబు తెచ్చి అన్నిటికన్నా పైన పెట్టింది. ఆమె పెరట్లోకి వెళ్ళగానే దాన్ని తీసి బియ్యం డబ్బా వెనక దాచాను.

ఇది నా అలవాటు. మా ఇంట్లోంచి ఎవరు ఊరెళ్ళినా సంచి నేనే సర్దుతాను. వాళ్ళ వస్తువు ఒకటి ఇంట్లో ఉంచేసుకుంటాను. దువ్వెనో, బనీనో, ఏదో ఒకటి. దాని కోసమైనా మనిషి వెనక్కి వస్తాడు. మా తమ్ముడు చిన్నారావు నాగపూర్‌లో పని దొరికిందని ఈ బిలాస్‌పూర్ స్టేషన్లోనే బండెక్కాడు. వాడి సంచీ నేనే సర్దాను. అప్పటికి నాకు ఈ తెలివి లేదు. వాడివన్నీ పెట్టేశాను, గొంగళి, అద్దం, గడ్డం గీసుకునే బ్లేడుతో సహా. వాడు రాలేదు. ఎక్కడున్నాడో, ఏమయ్యాడో కూడా తెలియలేదు. ఇక్కడ వాడిదంటూ ఏమీ మిగలలేదు కదా, దేనికి వస్తాడు అని నాకిప్పటికీ అనిపిస్తుంది. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

కనకం నా ఆడపడుచు. మా ఆయన జగన్నాథానికి ఒక్కగానొక్క చెల్లెలు. ఆమె భర్త ఆదినారాయణ చాంపా దగ్గర రైలు పట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. పెళ్ళయిన మూడో ఏడే జ్వరం వచ్చి పోయాడు. పిల్లల్లేరు. అన్నగారి రైల్వే క్వార్టరుకు వచ్చేసినప్పుడు కనకం చేతిలో ఒక రేకు పెట్టె, మొగుడి పేరు కొట్టించిన రాగి చెంబు, పాత పంచెలో కట్టిన కొన్ని దుంపలు ఉన్నాయి. చెంబు మీద అక్షరాలు ఆమెకు చదివి చెప్పింది నేనే. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు, పకోడీల పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ పేరు చదువుతుంటే కనకం వేలితో ఒక్కో అక్షరాన్నీ తడిమి చూసుకుంది.

దుంపలు నేలసంపెంగవి. మన విశాఖ వైపు బజారులో లిల్లీ పూలంటారు, ఇక్కడివాళ్ళు రజనీగంధా అంటారు. సాయంత్రం విచ్చుకుంటాయి. వాసన వీధి చివరి దాకా వెళుతుంది.

కనకం వాటిని క్వార్టరు వెనక నాటింది. మేం ఇంకో క్వార్టరుకు మారినప్పుడు తవ్వి తీసుకొచ్చింది. రిటైరయ్యాక ఇదే ఊళ్ళో తోర్వా పేటలో సొంత ఇల్లు కట్టుకుంటే అక్కడికీ తెచ్చింది. మావైపు మొగుడు పోయినవాళ్ళు పూలు పెట్టుకోరు. శుభకార్యానికి దండ కూడా కట్టరు. పెంచకూడదని మాత్రం ఎవరూ అనలేదు. అందుకని కనకం పెంచేది, నేను కట్టేదాన్ని. షెడ్డులో ఏ తెలుగాయన రిటైరైనా, ఎవరింట్లో పెళ్ళయినా దండలు మా ఇంటి నుంచే వెళ్ళేవి. కోసిన పూలు ఆమె తెచ్చి నా పక్కన గుడ్డ మీద పోసి, దూరంగా కూర్చుని చూస్తూ ఉండేది.

ఇన్నేళ్ళూ ఇలాగే గడిచింది. పోయిన సంవత్సరానికి ముందు సంవత్సరం మా అబ్బాయి గిరిబాబు కారు కొన్నాడు.

గిరి చెడ్డవాడు కాదు. బొగ్గు కంపెనీ ఆఫీసులో పని, పొద్దున వెళ్ళి రాత్రికి వస్తాడు. సందులో పెట్టిన కారుకు వారం తిరక్కుండానే గీతలు పడ్డాయి. పెరట్లోకి గేటు పెట్టి, నేలంతా సిమెంటు చేయిస్తానన్నాడు. మేనత్త మొహం చూసి, మేడ మీద పెద్ద పెద్ద కుండీలు కొనిపెడతాను, అందులో వేసుకో అత్తా అన్నాడు. నిజంగానే కొనేవాడు.

కనకం అన్నం కలుపుతూనే చెప్పింది.

"కుండీల్లో ఇరుకైపోతాది గిరీ. ఇరుకులో నానుండొచ్చినాను గదా, ఆటికెందుకు."

 మా ఆయన, ఏటి నీకిక్కడ ఇరుకైనాదేటి అని విసుక్కున్నాడు. కనకం లేచి చెయ్యి కడుక్కుంది. మర్నాటి నుంచి దుంపలు తవ్వడం మొదలుపెట్టింది. మట్టి దులిపి, తల్లి దుంప నుంచి పిల్ల దుంపలను విడదీసి, వసారాలో నీడకు ఆరబోసింది. నేను పక్కన కూర్చుని, పాపం అన్నీ ఒక్కచోట పుట్టినవి, అలాగే ఉంచరాదా అన్నాను. నాకు విడదీయడం చూస్తే ఏదోలా ఉంటుంది.

"పూసిన దుంప మళ్ళీ పుయ్యదు వొదినా," అంది. "దాని పక్కన పుట్టినవే పూస్తాయి. అదీ విడదీస్తేనే. గుంపుగా ఒగ్గీస్తే ఆకులు తప్ప ఏటీ రాదు."

విడదీసింది సరే, నాటడం ఎక్కడ? ఆ దిగులు రెండు వారాలు ఇంట్లో తిరిగింది. దానికి దారి చూపించింది సమారిన్.

సమారిన్ మా సందులోకి కూరగాయల బుట్టతో వచ్చే మనిషి. కనకం ఈడుదే. ఊరి చివర కోని దాటాక లోపల ఎక్కడో వాళ్ళ ఊరు. ఇంటి వెనక కూరగాయల జాగా ఒకటి ఉందని, దాన్ని వాళ్ళ భాషలో బారీ అంటారని, కొడుకు ఇటుక బట్టీలకు వెళ్ళిపోయాక అందులో ఏమీ వేయలేకపోతున్నానని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఆ రోజు వసారాలో కూర్చుని మంచినీళ్ళు తాగుతుంటే కనకం అడిగింది, నాకు ఇస్తావా అని. సగానికి సగం. అధియా అంటారు ఇక్కడ. పండినదాంట్లో సగం జాగా గలామెకు, సగం పండించినామెకు.

సమారిన్ బుట్ట దించి అడిగింది. "కా లగాబే?" ఏం వేస్తావు అని.

కనకానికి హిందీయే అంతంతమాత్రం. ఇక్కడి ఛత్తీస్‌గఢీ అయితే వినడమే గానీ మాట్లాడింది లేదు. రజనీగంధా అనేస్తే సరిపోయేది. కానీ ఆ పేరు చెబితే అదే పేరుతో అమ్మే పాన్ మసాలా పొట్లం అనుకుంటుందేమోనని భయపడిందట. అంతకన్నా, అడుగుతున్నది ఆమె జాగా, ఆమె మాటలోనే చెప్పడం మర్యాద అనుకుందట. బజారులో బంతిపూలను వీళ్ళు గోందా అంటారని కనకానికి తెలుసు. పెద్ద గిన్నె కటోరా, చిన్న గిన్నె కటోరీ అయినట్టు చివర దీర్ఘం మారితే వస్తువు చిన్నదవుతుందనీ తెలుసు. గోందా అంటే పెద్ద పువ్వు, కాబట్టి గోందలీ అంటే చిన్న పువ్వు. ఆ మాట ఎక్కడో విన్నట్టు కూడా ఉంది.

"గోందలీ," అంది కనకం గట్టిగా.

అక్కడే కూర్చున్నాను నేను. నాకూ సరిగ్గానే ఉన్నట్టు తోచింది.

సమారిన్ ఆరబోసిన దుంపల్లోంచి ఒకటి తీసింది. గోటితో పొర గీకి చూసింది. ఇంత చిన్నవేమిటి, ఈ ఎండల్లో వేస్తారా ఎవరైనా అంది. కనకం, మావైపు ఇవే, ఇప్పుడే వేస్తాం అంది. సమారిన్ నవ్వి, సరే, మద్రాసీ గోందలీ అనుకుంటాలే అని దుంపను మళ్ళీ కుప్పలో వేసింది. ఎన్ని తరాలున్నా ఈ ఊళ్ళో తెలుగువాళ్ళం కూడా మద్రాసీలమే.

అలా కుదిరింది. నాటి, నాలుగు రోజులు నీళ్ళు పెట్టి, ఆ తర్వాత సమారిన్‌కు అప్పజెప్పి వచ్చేస్తానని కనకం అంది. వైశాఖంలో ఒక బుధవారం పొద్దున్నే ఆటో పిలిచాం. సంచి కాళ్ళ దగ్గర, దుంపల గోనె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అర్పా నది వంతెన దాటి సర్కండా మీదుగా వెళ్ళాలి. సందు మలుపు దాకా ఆటోను చూసి, లోపలికొచ్చి బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాను. చెంబు ఉంది.

నాలుగు రోజులయ్యాయి. ఐదో రోజు నేను సమారిన్ ఫోనుకు చేశాను. కనకమే ఎత్తింది. నేల బాగా బీటలు వారి ఉందని, రోజూ రెండు పూటలా తడపాలని, మొలక కనబడితే వస్తానని చెప్పింది. చెంబు మర్చిపోయావే అన్నాను.

"ఉండనీ వొదినా. వొచ్చినప్పుడు తీసుకుంటాను."

ఆ మాటకు నా ప్రాణం కుదుటపడింది. మొలకలొచ్చాయి. తర్వాత కలుపు వచ్చింది. తర్వాత వానలొచ్చాయి. ఫోను చేసినప్పుడల్లా నేను చెంబు సంగతి ఎత్తడం, ఆమె ఉండనీ అనడం. మా ఆయన కోపంగా తిరిగాడు. ఈ వయసులో చెల్లెల్ని పొలం పనికి తోలేశాడని రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పేకాట దగ్గర ఎవరో అన్నారట. ఒక ఆదివారం గిరిని కారులో పంపించాడు, తీసుకురమ్మని. కారు ఆ ఊరి కాలువ దగ్గర బురదలో దిగబడింది. కనకమూ సమారినూ వెనక నుంచి తోసి ఒడ్డెక్కించారు. వాడు ఒక్కడే తిరిగొచ్చాడు, చక్రాల నిండా మట్టి, వెనక సీటులో వాళ్ళు కోసిచ్చిన చరోటా ఆకుకూర. అత్త బాగానే ఉందమ్మా, నల్లబడింది, నన్నే తిట్టింది ఇంత బరువు బండి ఎందుకు కొన్నావని, అన్నాడు.

ఈలోగా పెరట్లో సిమెంటు వేశారు. నేను చూడలేదు. వంటింటి కిటికీ మూసుకుని కూర్చున్నాను.

భాద్రపదం రాబోతుండగా, ఒక సోమవారం పొద్దున సమారిన్ వచ్చింది. బుట్ట లేదు. గడపలో నిలబడే మొదలుపెట్టింది. ఆమె వేగానికి నాకు సగమే అర్థమవుతోంది. మా మనవరాలు మైత్రి కాలేజీకి తయారవుతోంది, దాన్ని పిలిచాను. కోనిలో యూనివర్సిటీలో చదువుతుంది. హిందీ మాట్లాడినంత హాయిగా తెలుగు మాట్లాడలేదు గానీ, వీళ్ళ భాష దానికి మంచినీళ్ళ ప్రాయం.

మైత్రి కాసేపు విని, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"నానమ్మా, కనకం అమ్మమ్మ వీళ్ళకి ఏం వేస్తానని బోలింది?"

"గోందలీ."

"గోందలీ అంటే ప్యాజ్, నానమ్మా. ఉల్లిపాయ."

సమారిన్ నవ్వలేదు. ఆమె చెప్పినదంతా మైత్రి ఒక్కొక్క మాటే నాకు చెప్పింది. నాలుగు నెలలుగా ఆమె ఉల్లిపాయల కోసం చూస్తోంది. ఆకు గొట్టంలా లేదేమిటని మొదట్లోనే అనుమానం వచ్చింది. మద్రాసీ రకం కదా అని ఊరుకుంది. నిన్న ఒకటి పీకి, కాల్చి తిని చూసింది. నాలుక దురద పుట్టింది. తీజా పండగ ఈ శుక్రవారమే. ఆ పండక్కి పెళ్ళయిన కూతుళ్ళు పుట్టింటికి వస్తారు, వాళ్ళకు చీరలు పెట్టి పంపాలి. పెట్టకపోతే తల్లి బతికుండీ పుట్టిల్లు లేనట్టే. ఇద్దరు కూతుళ్ళు. ఈ ఉల్లిపాయల మీదే ఆశ పెట్టుకుంది. ఊళ్ళో అందరికీ చెప్పుకుంది కూడా. ఇప్పుడు అందరూ, నీ మద్రాసీ గోందలీ ఎలా ఉందని అడుగుతున్నారు. అందుకని రేపు మొత్తం తవ్వించి పారేసి కొత్తిమీర చల్లుకుంటుంది. ఆ మనిషికి చెబితే వినడం లేదు, మీరొచ్చి తీసుకుపొండి అని చెప్పడానికే ఇంత దూరం వచ్చింది.

ఆమెను తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. నాకు లోలోపల సంతోషం కూడా కలిగింది. కనకం ఇంటికి వచ్చేస్తుంది.

మంగళవారం పొద్దున మైత్రితో పాటు ఆటో ఎక్కాను. దాని కాలేజీ దాటించి ఆ ఊరికి తీసుకెళ్ళింది. నా కోసం ఎవరూ సంచి సర్దలేదు. సాయంత్రానికి ఇద్దరం కలిసి వచ్చేస్తాం అనుకున్నాను.

బారీలోకి అడుగుపెట్టి చూస్తే, నా నడుము ఎత్తున కాడలు లేచి ఉన్నాయి. వరసలు వరసలుగా. మొగ్గలు ఇంకా విచ్చుకోలేదు, కొసల్లో కొంచెం ఎర్రజీర. నా పెరట్లో ఎన్నడూ అన్ని చూడలేదు. రెండు వరసల మధ్య కనకం చతికిలబడి కూర్చుంది. ఎదురుగా పార పట్టుకుని సమారిన్.  మాట్లాడుకునేదంతా పొద్దున్నే అయిపోయినట్టుంది.

"ఇంక చాలే కనకం," అన్నాను. "లేచి సంచి సర్దుకో. గిరి కుండీలు కొంటానన్నాడు గదా."

"గోందలీ అంటే ఉల్లిపాయని నాకు నిన్ననే తెలిసినాది వొదినా," అంది. "ఉల్లిపాయలేస్తానని మాటిచ్చీసి పువ్వులేసీసినాను. ఆయమ్మ నోటికాడిది నాను తీసీసినట్టే గదా. ఇప్పుడు లేచొచ్చీస్తే దొంగతనమైపోతాది. నాను రాను."

"మరేటి చేస్తావు? ఆవిడ తవ్వీస్తానంటాది."

"తవ్వొద్దని నానన్లేదు. రేపు బుధవారం. బజారుకి వంకాయల్తో పాటు ఈ పువ్వులు కూడా ఒక్క బుట్ట పట్టుకెళ్ళమను. మిగిలిపోయి తిరిగొస్తే నానే తవ్వీసి, నానే కొత్తిమీర జల్లీసి ఎల్తాను."

మైత్రి అదంతా సమారిన్‌కు చెప్పింది. సమారిన్ పార మీద గడ్డం ఆనించి చాలాసేపు ఆలోచించింది. చివరికి, కూరగాయలమ్మే దాని దగ్గర విడి పూలు ఎవరు కొంటారు, దండలు చేసి ఇస్తే తీసుకెళ్తాను అంది. తీజా నాడు ఉపవాసమున్న ఆడవాళ్ళు ఇసుకతో శివుణ్ణి చేసి, పైన పూల పందిరి లాంటిది వేలాడదీస్తారట. దాన్ని ఫులేరా అంటారట. దానికి దండలైతే పనికొస్తాయంది. మర్నాడే వినాయక చవితి కూడాను.

మైత్రి క్లాసు ఉందని వెళ్ళిపోయింది. కనకం వరసల్లోకి వెళ్ళి మొగ్గలు కోయసాగింది. సమారిన్ అరటి బోదె తెచ్చి నార తీసి నీళ్ళలో వేసింది. నేను చాప మీద కూర్చుని కట్టడం మొదలుపెట్టాను. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, మధ్యలో ముడి. సమారిన్ సూదితో గుచ్చబోయింది గానీ మొగ్గ తొడిమ చీలిపోతోంది. ఆమె మానేసి మొగ్గలు ఏరి ఇవ్వడానికి కూర్చుంది. పొద్దు వాలుతోంది. కుప్ప పెరుగుతోంది గానీ తరగడం లేదు. నా వేళ్ళు మునుపటిలా వంగడం లేదు.

కనకం తెచ్చిన పూలు గుడ్డ మీద పోసి, ఎప్పటిలాగే దూరంగా జరిగి కూర్చుంది.

సమారిన్ ఆమె వైపు చూసింది. "తైఁ కాబర్ బైఠే హస్?" నువ్వెందుకు ఊరికే కూర్చున్నావు అని.

కనకం తల వంచుకుంది. నేను నాకొచ్చిన హిందీలో చెప్పాను, ఆమెకు భర్త లేడు, మాలో అలాంటివాళ్ళు శుభానికి దండ కట్టరని. సమారిన్‌కు అర్థం కాలేదేమోనని రెండోసారి చెప్పాను. అర్థమైంది. తన రెండు చేతులూ ఎత్తి గాజులు చూపించింది. మొదటివాడు పోయాక రెండోవాడు వేసిన గాజులివి, వాడూ పోయాడు, గాజులు నావి అంది. ఎరువు వేసిన చెయ్యి, కలుపు తీసిన చెయ్యి, మొగ్గ కోసిన చెయ్యి ముడి వేయకూడదా అంది. తిట్టినట్టు కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

 నేను కడుతూనే ఉన్నాను. కనకం చాప మీదికి జరిగింది.

"ఆ నార ఇలాగియ్యి వొదినా."

ఇవ్వడానికి నాకు చెయ్యి ఆడలేదు. ఏదైనా కీడు జరిగితే అని ఒకవైపు. ఇస్తే ఈమె ఇక మా ఇంటికి రాదని ఇంకోవైపు. ఎందుకలా అనిపించిందో చెప్పలేను గానీ, అనిపించింది. కనకం చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా మొహం కూడా చూడలేదు. నా వేళ్ళనే చూస్తోంది. నేను నీళ్ళలోంచి ఒక పోగు తీసి ఆ చేతిలో పెట్టాను.

మొదటి ముడి వదులైంది. విప్పి మళ్ళీ వేసింది. మూడో దానికల్లా నా ముడి కన్నా బిగువుగా పడింది. ఎప్పుడు నేర్చుకున్నావే అంటే, ఇన్నేళ్ళూ చూస్తానే ఉన్నాను గదా అంది. దీపాలు పెట్టే వేళకు బుట్ట నిండింది. మోదుగాకులు పరిచి, తడిగుడ్డ కప్పాం. ఆ రాత్రి నేను అక్కడే పడుకున్నాను, కనకం చీర కట్టుకుని.

మర్నాడు మొదటి బస్సుకు సమారిన్‌తో నేనూ బుధవారీ బజారుకు వచ్చాను. కనకం రాలేదు. బుట్ట తిరిగొచ్చేదాకా పార ముట్టుకోనని, ఖాళీగా వస్తే సరే, లేకపోతే ఆ పూటే మొదలుపెడతానని గట్టు మీద కూర్చుంది.

సమారిన్ వంకాయలకూ బీరకాయలకూ మధ్య దండలు పేర్చింది. చాలాసేపు ఎవరూ వాటి వంక చూడలేదు. వంకాయలు అడిగి వెళ్ళిపోయారు. ఒకావిడ పూలను చూసి, పూల దుకాణాలు అటువైపు కదా అని మాకే దారి చెప్పి వెళ్ళింది.  బుట్ట నిండుగా తిరిగి వెళ్ళడం, గట్టు మీద కనకం లేచి నిలబడడం నా కళ్ళకు కడుతూనే ఉన్నాయి. సమారిన్ కాసేపు అటూ ఇటూ చూసి, ఒక దండ చేత్తో పైకెత్తి, గొంతెత్తి అరిచింది.

"మద్రాసీ గోందలీ! మద్రాసీ గోందలీ లే లో!"

పక్కన అల్లం అమ్మే ఆమె పగలబడి నవ్వింది. వెళ్ళేవాళ్ళు ఆగారు. ఉల్లిపాయలేవి అని అడిగారు. సమారిన్ దండ వాళ్ళ ముక్కు దగ్గర పెట్టింది. తీజా పూజకని ఇద్దరు ఆడవాళ్ళు తీసుకున్నారు. వాళ్ళు వెళ్ళి ఇంకొందరిని పంపారు. పదకొండు దాటాక వినాయకుడి పందిరి కుర్రాళ్ళు వచ్చి, నారతో కట్టినవి, విడిపోవు అని లాగి చూసుకుని, మిగిలినవన్నీ ఎత్తుకుపోయారు. వంకాయలు సగం మిగిలాయి.

సమారిన్ ఖాళీ బుట్టను బోర్లించి దులిపింది. ఈ పూట చీరల కొట్టుకు వెళ్ళి, మధ్యాహ్నం బస్సుకు ఊరెళ్తానంది. వచ్చే బుధవారానికి మళ్ళీ కట్టి ఉంచమని కనకానికి చెప్తానంది. తవ్వకం మాట ఎత్తలేదు.

నేను ఆమెను అక్కడే ఉండమని చెప్పి, రిక్షా చేసుకుని తోర్వా వెళ్ళాను. మా ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. అది వొచ్చిందా అని అడిగాడు. లేదని చెప్పి లోపలికి వెళ్ళాను. బియ్యం డబ్బా వెనక నుంచి చెంబు తీశాను. బూజు పట్టింది. చింతపండుతో తోమాను. ఆదినారాయణ పేరు స్పష్టంగా కనబడేదాకా తోమాను. బీరువాలోంచి ఆ ఐదో చీర, మిగిలిన చీరలన్నీ తీసి మూట కట్టాను.  మళ్ళీ రిక్షా ఎక్కాను. బజారులో సమారిన్ బుట్టలో మూట పెట్టి, దాని మీద చెంబు పెట్టాను.

సాయంత్రం ఫోను వచ్చింది.

"చెంబు పంపించీసినావేటి వొదినా?"

"ఆఁ."

"బియ్యం డబ్బా ఎనకాల ఉన్నాది గదా అది."

"నీకెలా తెలుసే?"

"నువ్వు దాచినప్పుడు కిటికీలోంచి చూసినాను. ఉంటే నీకు ధైర్యంగా ఉంటాదని ఒగ్గీసినాను."

 తర్వాత ఆమె, రేపు పిల్ల దుంపల కోసం ఇంకో మడి తవ్వుతున్నామని, సమారిన్ ఇప్పటికీ వాటిని ఉల్లిపాయలనే అంటోందని చెప్పింది.

ఇప్పుడు ప్రతి బుధవారమూ నేను బజారుకు వెళ్తాను. కనకం సమారిన్ పక్కన కూర్చుని అక్కడికక్కడే దండలు కడుతుంది. ఆ వరసలో ఆ పువ్వుకు మద్రాసీ గోందలీ తప్ప ఇంకో పేరు లేదు. నేను కాసేపు కూర్చుని నార అందించి వస్తాను. ఇల్లు పది నిమిషాల దూరం, ఒక్క పూట వచ్చి అన్నం తిని వెళ్ళమంటాను. నువ్వే రా వొదినా అంటుంది.

మా తమ్ముడు చిన్నారావు తిరిగి రాలేదు. పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది కార్తీకంలో వెళ్ళాడు. మా ఆడపడుచు కనకం తిరిగి రాలేదు. రెండు వేల ఇరవై నాలుగు వైశాఖంలో వెళ్ళింది.